పాత రీలు కెమెరా బాగుచేత: విన్న అపోహలు, విప్పి చూసిన వాస్తవాలు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఎనిమిది వందలకు కొన్న యాషికా ఎలక్ట్రో 35తో నాకీ పిచ్చి పట్టుకుంది. అమ్మినాయన "పని చెయ్యదు సార్, షోకేసులో పెట్టుకోండి" అని ముందే చెప్పాడు. రెండు వారాలకు అది పనిచేసింది. ఆ తర్వాత ఇరవైకి పైగా విప్పాను. వాటిలో ఐదింటిని నా చేతులతో నేనే చంపాను. నా ఉద్యోగం వేరు, ఇది సెలవు రోజుల పని. అందుకే కింద రాసినవి మెకానిక్ మాటలనుకోకండి. డైనింగ్ టేబుల్ మీద కెమెరాలు విప్పి, ఇంట్లో తిట్లు తిన్నవాడి మాటలు.

అపోహ: బటన్ నొక్కితే క్లిక్ అనకపోతే లోపల ఏదో విరిగినట్టే

నా చేతికొచ్చిన మూగ కెమెరాల్లో నిజంగా ఏదైనా విరిగినవి రెండో మూడో. మిగతావన్నీ అంటుకుపోయినవే. యాషికా, కానొనెట్, ఒలింపస్ ట్రిప్ లాంటి కెమెరాల్లో షట్టర్ లెన్సు లోపలే ఉంటుంది. కాగితమంత పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి జారుతూ తెరుచుకుని మూసుకుంటాయి. ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే లెన్సు మరల్లోని గ్రీజులోంచి నూనె ఊరి, మెల్లగా ఆ రేకుల మీదికి పాకుతుంది. రెండు గాజు పలకల మధ్య నీటి తడి ఉంటే ఎలా అతుక్కుంటాయో రేకులూ అలాగే అతుక్కుంటాయి. వాటిని కదిలించే స్ప్రింగు చాలా బలహీనం, దాని వల్ల కాదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. లెన్సు ముందు పేరు రాసుండే రింగును, దాని సైజుకు సరిపడే రబ్బరు బిరడా ఒత్తిపెట్టి తిప్పుతాను. చాలావాటికి అది మామూలు మరే. రింగు, ముందు గాజు తీస్తే రేకులు కనిపిస్తాయి. సిగరెట్ లైటర్‌లో పోసే ఫ్లూయిడ్‌లో ఇయర్‌బడ్ ముంచి, బాగా విదిలించి, రేకుల మీద తాకించి షట్టర్ నొక్కుతాను. మొదటిసారి రేకులు నిద్రమత్తులో కళ్లు తెరిచినట్టు తెరుచుకుంటాయి. పదోసారికి కాస్త చురుకొస్తుంది, ఇయర్‌బడ్‌కు గోధుమరంగు మడ్డి అంటుతుంది. ఇరవయ్యోసారికి చటుక్కున కొట్టుకుంటుంది. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది: సంబరపడిపోయి కెమెరా మూసేస్తాం. ఫ్లూయిడ్ ఆరాక, అది కరిగించిన నూనె మళ్లీ రేకుల మీదే పేరుకుంటుంది. మర్నాడు చూస్తే మళ్లీ మొండికేసి ఉంటుంది. రోజు విడిచి రోజు మూడు నాలుగు విడతలు చేస్తేగాని నేను మూత పెట్టను.

బండిలో పోసే పెట్రోల్ మాత్రం వాడకండి, అందులో కలిపేవి జిగటగా మిగిలిపోతాయి. ఏది వాడినా కిటికీ తెరిచి, పొయ్యికీ అగరుబత్తికీ దూరంగా కూర్చోండి.

అపోహ: ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే సరిపోతుంది

ఈ సలహా ఇవ్వని బంధువు లేడు. పైన చెప్పిందంతా చదివాక జవాబు మీకే తెలిసి ఉంటుంది. రేకులకు కావాల్సింది పొడితనం. తుప్పు వదిలించే స్ప్రే కొట్టిన కెమెరా ఒకటి నా దగ్గరికొచ్చింది. ఒక్క పూట బ్రహ్మాండంగా పనిచేసిందట. నేను తెరిచేసరికి లెన్సు లోపలి గాజుల మీద కూడా నూనె పొరే.

అపోహ: క్లిక్ అంటోందంటే బాగున్నట్టే

మొదటి అపోహకు ఇది కవలపిల్ల. డబ్బులు పోయేది మాత్రం దీనివల్లే. యాషికా ఎలక్ట్రో 35 బ్యాటరీ లేకుండా కూడా క్లిక్ అంటుంది. కాకపోతే ఎప్పుడు నొక్కినా షట్టర్ తెరుచుకునేది సెకనులో 500వ వంతే. చీకటిలోనూ అంతే, ఎండలోనూ అంతే. సంతలో అమ్మేవాళ్లు టక్ టక్ మని నొక్కి చూపించేది అదే. బ్యాటరీ వేసి, లెన్సు మీద చెయ్యి అడ్డుపెట్టి నొక్కండి. పసుపు దీపం వెలిగి, షట్టర్ కాసేపు తెరుచుకునే ఉండి తర్వాత మూసుకుంటే ఎలక్ట్రానిక్స్ బతికున్నట్టు. ఇంకో గుర్తు చెవితో పట్టాలి. ఫోటో తీశాక రీలు లివరు తిప్పుతుంటే లోపల 'టక్' మని ఒక బరువైన శబ్దం రావాలి. రాలేదంటే లోపలున్న చిన్న రబ్బరు ముక్క అరిగో, పొడైపోయో ఉంటుంది. దాన్ని మార్చొచ్చు గానీ కెమెరాను సగం విప్పాలి. మీకిదే మొదటి కెమెరా అయితే దాన్ని దించేసి పక్కదాన్ని చూడండి.

ఒలింపస్ ట్రిప్ 35 ఇంకా సులువు. దానికి బ్యాటరీయే లేదు, లెన్సు చుట్టూ ఉన్న సెలీనియం సెల్ వెలుతురు పడితే పుట్టించే కరెంటుతోనే నడుస్తుంది. రింగు 'ఏ' (ఆటో) మీద పెట్టి లెన్సు చుట్టూ అరచెయ్యి మూసి నొక్కితే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేవాలి, బటన్ మొరాయించాలి. చెయ్యి తీస్తే మామూలుగా పడాలి. జెండా లేవకపోయినా, ఎండలో కూడా దిగకపోయినా బేరమాడండి, లేదా వదిలేయండి. సెలీనియం సెల్‌ను ఎండలో పెడితే చార్జ్ ఎక్కుతుందని కొందరంటారు. అది చార్జ్ దాచుకునే వస్తువే కాదు. పోయిందంటే పోయినట్టే.

అపోహ: ఆ బ్యాటరీలు ఇప్పుడు దొరకవు కాబట్టి పాత కెమెరా తుక్కే

బ్యాటరీలు దొరకవన్న మాట నిజమే, తుక్కన్నది కాదు. అప్పటి కెమెరాలు పాదరసం బ్యాటరీలతో నడిచేవి. వాటి వోల్టేజి చివరిదాకా దిగకుండా నిలకడగా ఉండేది, వెలుతురు కొలిచే మీటరుకు కావాల్సింది అదే. పర్యావరణం దెబ్బతింటుందని 1990లలో ఒక్కో దేశం వాటిని ఆపేసింది.

ఎలక్ట్రో 35కు అసలు బ్యాటరీ 5.6 వోల్టులు. ఇప్పుడు దొరికే 4ఎల్ఆర్44 ఆరు వోల్టులు. ఈ చిన్న తేడాను ఆ కెమెరా పట్టించుకోదు. బ్యాటరీ పొట్టిది కాబట్టి వెనకాల ఒక స్ప్రింగు పెట్టి, వదులు లేకుండా చుట్టూ కాగితం చుడితే చాలు. కానొనెట్ లాంటివాటితో మాత్రం జాగ్రత్త. వాటికి కావాల్సింది 1.35 వోల్టులు. మామూలు 1.5 వోల్టుల బటన్ సెల్ వేస్తే మీటరు తప్పు చెబుతుంది. నేను వాడేది చెవి మిషన్లలో వేసే జింక్-ఎయిర్ సెల్, సైజు 675, 1.4 వోల్టులు. నీలం స్టిక్కరు పీకితే గాలి తగిలి పనిచేయడం మొదలుపెడుతుంది, కొన్ని వారాలు నడుస్తుంది. కాస్త చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు వాషరు వేస్తాను. మొదటిసారి కొనడానికి వెళ్తే షాపాయన "ఎవరికండి, అమ్మగారికా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. కెమెరాకని చెప్పలేక తలూపాను. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా అమ్మకు వినికిడి ఎలా ఉందని అడుగుతాడు. మా అమ్మకు పక్కింటి కుక్కర్ విజిల్స్ కూడా లెక్కపెట్టేంత వినికిడి.

బ్యాటరీ గదిలో పాత సెల్ కారి తెల్లటి పొడి పట్టి ఉంటే భయపడకండి. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, ఇయర్‌బడ్‌తో నిమ్మరసమో వెనిగరో అద్దితే విరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గది కింది తీగ కుళ్లి తెగిందేమో కూడా చూసుకోండి. నా మొదటి యాషికా జబ్బు అదే, ఒక్క చుక్క సోల్డరింగ్‌తో లేచి కూర్చుంది.

అపోహ: ఎండలో పెడితే లెన్సు ఫంగస్ పోతుంది

ఎండకు ఫంగస్ చచ్చినా దాని ఆనవాళ్లు పోవు. సాలెగూడు లాంటి ఆ పోగులు గాజు మీది కోటింగును తినేసి ఉంటే ఎంత తుడిచినా మచ్చ మిగులుతుంది. పైగా ఎండ వేడికి గ్రీజు పల్చబడి రేకుల మీదికి వెళ్తుంది, మళ్లీ మొదటికే వస్తాం. రేకుల బదులు గుడ్డ తెరలే షట్టర్‌గా ఉండే ఫెడ్, జోర్కీ లాంటి కెమెరాలైతే ఇంకా ప్రమాదం. లెన్సు సూర్యుణ్ణి సూటిగా చూస్తే భూతద్దంలా పనిచేసి తెరకు చిల్లు పెడుతుంది.

విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే కెమెరాల్లో ఫంగస్ లేనిది నాకు తగలడం తక్కువ. కారణం గాలిలో తేమ, దానికి తోడు లెదర్ కేసు. నాన్నగారి జ్ఞాపకమని కేసులో భద్రంగా పెట్టి బీరువాలో దాస్తారు. ఆ తోలు తేమను పట్టి ఉంచుతుంది. కేసు విడిగా పెట్టండి. కెమెరాను మూత బిగువైన ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. కొద్దిగా ఫంగస్ ఉన్నా, గాజు మీద సన్న గీత ఉన్నా ఫోటోలో మీరు కనిపెట్టలేరు. వాటి పేరు చెప్పి ధర మాత్రం తగ్గించమనొచ్చు.

అపోహ: ఫోటోలో ఎర్రటి మరక పడిందంటే లెన్సు పాడైంది

వెనక తలుపు చుట్టూ ఉండే స్పాంజి పాడై వెలుతురు దూరిందని అర్థం. ఆ స్పాంజి కాలక్రమాన ముదురు పాకంలా అయిపోయి గోళ్లకంటుకుంటుంది. టూత్‌పిక్‌తో గీకి, ఐసోప్రొపైల్‌తో తుడిచి, ఆ గాడిలో నల్ల ఊలు దారం పరిస్తే పదేళ్లు చూడక్కర్లేదు. ఖర్చు ఇరవై రూపాయలు. శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే చూసే కెమెరా) అయితే ఆ అద్దాన్ని అస్సలు రుద్దకండి. దాని పూత పై మొహం మీదే ఉంటుంది, ఒక్క తుడుపుకు ఊడొస్తుంది. అద్దం మీద దుమ్ము ఫోటోలో పడదు కూడా.

అపోహ: షట్టర్ వేగం కచ్చితంగా ఉండాలి

నెగటివ్ రీలు ఒక స్టాప్ తేడాను, అంటే వెలుతురు రెట్టింపో సగమో అయినా, దిగమింగేస్తుంది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే వెనక తలుపు తీసి, కెమెరాను కిటికీ వైపు పెట్టి షూట్ చేయండి. ఒక సెకను వేగానికి 240 ఫ్రేములు, 30వ వంతుకు ఎనిమిది ఫ్రేములు వెలుతురు కనిపించాలి. ఎనిమిదికి బదులు పది వచ్చినా నేను ముట్టుకోను. అంతకన్నా బాగా పెద్ద వేగాలు ఇలా నమ్మకంగా కొలవలేం.

అపోహ: పాతది కాబట్టి లక్షలు పలుకుతుంది

పలకదు. ఎలక్ట్రో 35లు, ట్రిప్‌లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. నెట్‌లో కనిపించేవి అమ్మేవాడు కలగనే ధరలు.

అపోహ: ఏ కెమెరా అయినా విప్పి చూస్తే అర్థమైపోతుంది

ముందు ఒక హెచ్చరిక. ఫ్లాష్ ఉన్న ప్లాస్టిక్ కెమెరాలను మొదట్లో విప్పకండి. బ్యాటరీ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు. నాకు తగిలింది, చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది.

ఇక స్క్రూల సంగతి. జపాన్ కెమెరాల స్క్రూ తలలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉంటాయి గానీ అవి జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం కొలతవి. మామూలు స్క్రూడ్రైవర్ ఎగదన్ని తలను గుండు చేస్తుంది. జేఐఎస్ సెట్టు ఒకటి కొనుక్కోండి, కెమెరా కంటే ఖరీదైనా సరే. విప్పిన స్క్రూలు వరుసగా పెట్టుకోవడానికి మొదట ఇడ్లీ రేకు వాడాను, చిల్లుల్లోంచి ఒకటి జారిపోయింది. ఇప్పుడు గుంతపొంగణాల పెనం. ప్రతి అడుగుకూ ఫోన్‌తో ఒక ఫోటో తీస్తాను.

ఇంత చెప్పే నేనే సోవియట్ జెనిత్ మీది హీలియోస్ లెన్సును, ఫోకస్ మర ఎక్కడ విడిపోయిందో గీత పెట్టుకోకుండా తిప్పేశాను. ఆ మరకు మొదళ్లు చాలా ఉంటాయి. ఏది పట్టినా ఎక్కుతుంది, సరైనది ఒక్కటే. మూడు సాయంత్రాలు ఒక్కోటీ ఎక్కించి చూసి చేతులెత్తేశాను. ఇప్పుడది దూరంలో ఉన్న దేన్నీ ఫోకస్ చెయ్యదు. అడుగున్నర దూరంలో మందారాలను మాత్రం చక్కగా తీస్తోంది.