సమాంతర తలాలు: ఒక్క గోడ వెంబడి కొలిస్తే చాలదు

ఇంటర్ చదివే మన పిల్లలకు, పాలమూరు నుంచి ఆశీస్సులు.

ఎంత పొడిగించినా ఎక్కడా కలవని రెండు తలాలే సమాంతర తలాలు. యూక్లిడ్ పదకొండో పుస్తకంలో ఉన్న నిర్వచనం కూడా ఇదే. తికమకంతా పరీక్షించే దగ్గరే వస్తది.

మూలన కలిసే రెండు గోడల మీద గుండు వేలాడదీసి ఒక్కో నిలువు గీత గీయండి. గీతలు సమాంతరమే, గోడలు మాత్రం మూలలో కలిసే ఉన్నయి. అందుకే ఒక్కో గీత చూస్తే చాలదు; ఒక తలంలో ఒకదాన్నొకటి ఖండించే రెండు గీతలు తీసుకొని, ఆ రెండూ రెండో తలానికి సమాంతరమని తేల్చాలి.

ఇంట్లోనే చూడండి. నేల నుంచి స్లాబు దాకా టేపును గుండు తాడు వెంబడి నిలువుగా పట్టి, ఒకే వరుసలో లేని మూడు మూలల్లో కొలవండి. మూడూ ఒకటైతే నేల, స్లాబు సమాంతరం. ఒక్క గోడ వెంబడి రెండు మూలలే కొలిస్తే, ఎదురు గోడ దగ్గర స్లాబు రెండంగుళాలు దిగి ఉన్నా తెలవదు. నాలుగో మూల కూడా కొలవండి. మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక తలం పోతది. నాలుగోది తేడా వస్తే నేలో స్లాబో మెలిక తిరిగింది, అది సమతలమే కాదు.

మేస్త్రి పట్టే నీళ్ల పైపు చెప్పేది వేరు. అది మట్టం చూపిస్తది, సమాంతరం కాదు. పైపులో గాలి బుడగ ఉంటే ఆ మట్టం కూడా తప్పే. నేల, స్లాబు రెండూ ఒకే వాటంలో వాలినా సమాంతరమే. అప్పుడు నిలువు టేపు చూపేది అసలు దూరం కాదు. రెండింటికీ లంబంగా కొలవాలి, అది తక్కువ వస్తది. (బాత్రూం నేలకు కావాలనే వాటం ఇస్తరు, అక్కడ కొలిచి మేస్త్రిని తిట్టకండి.)

లెక్కల్లోనూ ఆ లంబమే ఆధారం. సమీకరణంలోని గుణకాలు లంబం దిక్కును చెప్తయి. 2ఎక్స్ − వై + 2జెడ్ + 3 = 0, 4ఎక్స్ − 2వై + 4జెడ్ + 5 = 0 తీసుకోండి. 2, −1, 2 ను రెట్టింపు చేస్తే 4, −2, 4. సమాంతరమే. దూరం అడిగితే చాలామంది 5లోంచి 3 తీసేస్తరు, అక్కడే మార్కులు పోతయి. ముందు గుణకాలు సమానం చేయాలి: మొదటి సమీకరణాన్ని 2తో గుణిస్తే స్థిరపదం 6 అయితది. 6 − 5 = 1. గుణకాలు 4, −2, 4 వర్గాలను కలిపితే 16 + 4 + 16 = 36; దాని వర్గమూలం 6తో ఆ 1ని భాగిస్తే దూరం 1/6. రెండో సమీకరణంలో 5 బదులు 6 ఉంటే దూరం సున్నా. అవి రెండు తలాలు కావు, ఒక్కటే.

మీ పెద్దబాపు