వన్డేల్లో ఎవరు గొప్ప బ్యాటర్? తరాల లెక్కలో అపోహలు - వాస్తవాలు

వెస్టిండీస్ రిచర్డ్సా, మన సచినా, దక్షిణాఫ్రికా డివిలియర్సా అన్న వాదన టీకొట్టు దగ్గర మొదలైతే గ్లాసులు ఖాళీ అయినా తెగదు. అభిమానం సంగతి సరే, అసలు చిక్కు అంకెల్ని వాడే తీరులో ఉంది. స్కోరుబుక్కులోని అంకెను దాని కాలం నుంచి ఊడబెరికి ఇంకో కాలపు అంకె పక్కన పెడితే ఎవరు ఏది కావాలంటే అది నిరూపించవచ్చు. తరచూ వినిపించే మాటలు కొన్ని తీసుకుని లెక్క కడదాం.

అపోహ: స్ట్రయిక్‌రేట్ (వంద బంతులకు చేసే పరుగులు) 100 దాటితేనే విధ్వంసం, 90 అంటే మామూలే.

వాస్తవం: వివ్ రిచర్డ్స్ 187 వన్డేల్లో 6721 పరుగులు చేశాడు. సగటు 47, స్ట్రయిక్‌రేట్ 90.20. డివిలియర్స్ స్ట్రయిక్‌రేట్ 101.09. పైకి చూస్తే 11 పరుగుల తేడా. ఇప్పుడు కాలాన్ని కలపండి. ఆ రోజుల్లో జట్లన్నీ సగటున ఓవరుకు ఎన్ని పరుగులు చేశాయో తీసుకుని ఆరుతో భాగించి వందతో హెచ్చవేస్తే, వంద బంతులకు ఎన్ని వచ్చేవో తెలుస్తుంది. 1980ల్లో ఓవరుకు సుమారు 4.5, అంటే వంద బంతులకు 75. రిచర్డ్స్ 90ని దీంతో భాగిస్తే 1.20. డివిలియర్స్ ఆడిన 2005-2018 మధ్యకాలానికి సుమారు 5.1 వేసుకుంటే 85 వస్తుంది. 101ని 85తో భాగిస్తే 1.19. ఇద్దరూ తమ కాలం కంటే దాదాపు ఒకే మోతాదులో ముందున్నారన్నమాట. ఆ 11 పరుగులూ కాలం ఇచ్చినవే.

ఈ లెక్కలో ఎక్స్‌ట్రాలు, టెయిలెండర్ల (చివర్లో దిగే బౌలర్ల) పరుగులు కూడా కలిసిపోతాయి. కాబట్టి రెండో దశాంశం దగ్గర కొట్టుకోకూడదు. ఇంకాస్త గట్టి కొలత కావాలంటే అదే కాలంలో బాగా ఆడినవాళ్ల అంకెలు చూడాలి. రిచర్డ్స్‌తో కలిసి ఆడిన వెస్టిండీస్ ఓపెనర్ గ్రీనిడ్జ్ సగటు 45.03, స్ట్రయిక్‌రేట్ 64.92. వన్డేలకే పుట్టాడని పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా బ్యాటర్ డీన్ జోన్స్ స్ట్రయిక్‌రేట్ 72.56. వీళ్ల మధ్య 90 ఎంత వింత అంకో అప్పుడు అర్థమవుతుంది.

ఒక ఇన్నింగ్స్ దగ్గరగా చూద్దాం. 1984 మే 31, ఓల్డ్ ట్రాఫర్డ్, 55 ఓవర్ల మ్యాచ్. వెస్టిండీస్ 102 పరుగులకు 7 వికెట్లు, తర్వాత 166కు 9. ఆఖరి వికెట్‌కు హోల్డింగ్ తోడుగా నిలిస్తే ఇద్దరూ విడిపోకుండా 106 జోడించారు. అందులో హోల్డింగ్‌వి 12. రిచర్డ్స్ 170 బంతుల్లో 189 నాటౌట్, జట్టు స్కోరు 272. తర్వాత ఇంగ్లండ్ మొత్తం కలిసి చేసింది 168.

దీని పక్కన 2015 జనవరి 18, జొహానెస్‌బర్గ్. డివిలియర్స్ 31 బంతుల్లో సెంచరీ, 44 బంతుల్లో 149. అతను క్రీజులోకి వచ్చేసరికి 39వ ఓవరు నడుస్తోంది, ఓపెనర్లు 247 జోడించి ఉన్నారు. అతని చేతి వడిని ఇదేమీ తగ్గించదు. ఆ వేగంతో ఇంకెవరూ వన్డే సెంచరీ కొట్టలేదు. కానీ వికెట్ పోతే ఏమవుతుందన్న బెంగ లేని ఆట ఒకటి, తాను పోతే ఇన్నింగ్సే ముగిసిపోయే ఆట ఇంకొకటి. స్ట్రయిక్‌రేట్ గడిలో ఈ తేడా కనపడదు.

అపోహ: సగటు ఎక్కువ ఉన్నవాడే ముందు.

వాస్తవం: సగటు అంటే పరుగుల్ని ఇన్నింగ్స్‌తో భాగించడం కాదు, ఔటైన సార్లతో భాగించడం. ఆస్ట్రేలియా ఫినిషర్ (చివర్లో దిగి మ్యాచ్ ముగించే బ్యాటర్) మైకేల్ బెవాన్ 196 ఇన్నింగ్స్‌లో 67 సార్లు నాటౌట్. 6912 పరుగుల్ని 129తో భాగిస్తే 53.58. అదే 196తో భాగిస్తే 35.27. సచిన్‌కు ఈ రెండూ 44.83, 40.77. రిచర్డ్స్‌కు 47, 40.25. డివిలియర్స్‌కు 53.50, 43.93. వరుస ఎలా తారుమారైందో చూడండి.

అలాగని నాటౌట్లను తీసిపారేయడమూ తప్పే. ఆరో నంబరులో దిగి 25 బంతులు మాత్రమే దొరికినవాణ్ని ఇన్నింగ్స్‌కు ఇన్ని అని కొలిస్తే అన్యాయం. ఓపెనర్లను ఓపెనర్లతో, మూడు-నాలుగు స్థానాల వాళ్లను వాళ్లతో, ఫినిషర్లను ఫినిషర్లతో పెట్టాలి. బెవాన్‌కు సరిజోడు సచిన్ కాదు, ధోనీ.

అపోహ: సెంచరీలు లెక్కపెడితే చాలు.

బ్యాటింగ్ స్థానం మారితే సెంచరీల లెక్క ఎంత మారుతుందో చెప్పడానికి సచినే సాక్షి. మొదటి వన్డే సెంచరీకి అతనికి 79 మ్యాచ్‌లు పట్టాయి. 1994 మార్చిలో ఆక్లండ్‌లో మొదటిసారి ఓపెనర్‌గా దిగి 49 బంతుల్లో 82 కొట్టాక కథ మారింది. మొత్తం 49 సెంచరీల్లో 45 ఓపెనర్‌గా వచ్చినవే, 340 ఇన్నింగ్స్‌లో. మిగతా స్థానాల్లో 112 ఇన్నింగ్స్‌లో నాలుగే. మనిషి అతనే, ఆడటానికి దొరికే బంతులే వేరు.

అపోహ: సచిన్ సెంచరీ కొడితే ఇండియా ఓడుతుంది.

ఆ 49 మ్యాచ్‌ల్లో భారత్ 33 గెలిచింది, 14 ఓడింది, ఒకటి టై, ఒకటి ఫలితం తేలలేదు. ఈ మాట ఎందుకు పాతుకుపోయిందంటే ఓటములు గుర్తుండిపోతాయి. 2009 నవంబర్ 5న ఉప్పల్‌లో ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ 141 బంతుల్లో 175 చేసి, ఇంకా 19 పరుగులు కావాల్సి ఉండగా ఔటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లతో ఆ 19 రాలేదు, మూడు పరుగుల తేడాతో ఓడాం. అదే హైదరాబాద్‌లో, లాల్ బహదూర్ స్టేడియంలో, 1999 నవంబర్ 8న న్యూజిలాండ్‌పై సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరి భాగస్వామ్యం 331. ఆ మ్యాచ్ గెలిచాం. వాదనలో దాన్ని ఎత్తేవాడు అరుదు.

అపోహ: ఇప్పటి పరుగులన్నీ రూల్స్ పుణ్యమే, అప్పటివన్నీ కష్టార్జితం.

ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం ముందు. తొలినాళ్లలో సర్కిలే (దాని బయట ఇంతమంది ఫీల్డర్లే ఉండాలని హద్దు పెట్టే గీత) లేదు. 1979 నవంబర్‌లో సిడ్నీలో వెస్టిండీస్‌కు చివరి బంతికి మూడు పరుగులు కావాల్సి వస్తే, ఇంగ్లండ్ కెప్టెన్ బ్రియర్లీ వికెట్ కీపర్‌తో సహా అందర్నీ బౌండరీకి పంపేశాడు. రూల్ ప్రకారం అది తప్పు కాదు మరి! 2011 అక్టోబర్ నుంచి రెండు ఎండ్ల నుంచీ రెండు కొత్త బంతులు వచ్చాయి. దాంతో ఇన్నింగ్స్ ముగిసేసరికి ఒక్కో బంతి వయసు 25 ఓవర్లే. తోలు అరగదు, అరిగిన బంతికి వచ్చే వంపు, అంటే రివర్స్ స్వింగ్, రాదు, బంతి గట్టిగానే ఉండి బ్యాటుకు తగిలితే దూసుకుపోతుంది. మరుసటి ఏడాది నుంచి పవర్‌ప్లే (ఫీల్డర్లపై ఆంక్షలు ఎక్కువుండే ఓవర్లు) లేని ఓవర్లలో కూడా సర్కిల్ బయట నలుగురే ఉండాలన్నారు. 2015 జూలైలో చివరి పది ఓవర్లకు అయిదుగురిని అనుమతించి కాస్త సర్దారు. బ్యాటు అంచు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదన్న హద్దు 2017 అక్టోబర్‌లో గానీ రాలేదు.

ఇక రెండో సగం. రిచర్డ్స్ భయంకరమైన బౌలర్లను ఎదుర్కొన్నాడంటారు. లిల్లీ, ఇమ్రాన్, హ్యాడ్లీ వరకు నిజమే. కానీ ఆ కాలపు గడ్డు బౌలర్లు మార్షల్, గార్నర్, హోల్డింగ్ అతని జట్టులోనే ఉన్నారు. ఓవరుకు 3.09 మాత్రమే ఇచ్చిన గార్నర్‌ను మిగతా దేశాల బ్యాటర్లు ఆడాల్సి వచ్చింది, రిచర్డ్స్‌కు ఆ బెడద లేదు. ఆస్ట్రేలియా జట్టులోనే ఉన్న మెక్‌గ్రాత్, వార్న్ విషయంలో పాంటింగ్‌దీ ఇదే అదృష్టం. సచిన్‌కు ఈ వెసులుబాటు లేదు. తరాల పట్టిక వేసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయే గడి ఇదే.

అపోహ: పాతవాళ్లకు వన్డే ఆడటమే రాదు.

1975 ప్రపంచకప్‌లో గవాస్కర్ 174 బంతుల్లో 36 నాటౌట్ అందరూ ఎత్తే ఉదాహరణ. అదే గవాస్కర్ 1987లో నాగ్‌పూర్‌లో న్యూజిలాండ్‌పై 88 బంతుల్లో 103 నాటౌట్. ఒక్క ఇన్నింగ్స్‌తో తరాన్ని కొలవకండి.

మరి నా వరుస? కాలంతో భాగించి చూస్తే రిచర్డ్సే మొదట. ఓపెనర్లలో సచిన్. ఛేదనలో కోహ్లీ, అక్కడ పోటీ కూడా లేదనే అంటాను. డివిలియర్స్‌ను రిచర్డ్స్‌కు వెంట్రుకవాసి వెనక పెడతాను, అది కూడా ఓల్డ్ ట్రాఫర్డ్ వల్లే.

పట్టిక వేసుకునేవాళ్లు ఇంకో గీత గీసుకోవాలి. 2025 జూలై నుంచి 34 ఓవర్ల తర్వాత రెండు బంతుల్లో ఒకదానితోనే మిగతా ఇన్నింగ్స్ నడుస్తోంది. చివర్లో పాత బంతి మళ్లీ వచ్చిందన్నమాట. అప్పటినుంచి చేసిన పరుగుల్ని 2011-2025 గడిలో కలపకండి.