భీమిలి ఇసుక, కొవ్వాడ అణుకేంద్రం ప్రశ్న

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త దూరంలో, కెరటం వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. కాటుక వేలితో గీసినట్టు ఉంటాయి. మొన్నటి శీతాకాలంలో ఒక ఆదివారం ఉదయం, ఫిజిక్స్ పాఠాలు చెప్పే నా మిత్రుడు గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్‌ను కొలిచే మీటరు పట్టుకొచ్చాడు. రోడ్డు పక్కన అది తీరిగ్గా టిక్కుమంటూ ఉంది. నల్లచార మీద పెట్టగానే, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఆ చప్పుడు దగ్గరపడింది.

గుప్పెడు ఇసుక కాగితం మీద పోసి, కింద బలమైన అయస్కాంతం తిప్పాం. నల్ల రేణువులు ముందుగా కదిలాయి. అవి మాగ్నటైట్, ఇల్మనైట్. మిగిలినదాన్ని భూతద్దంలో చూస్తే మామూలు ఇసుక మధ్య అక్కడక్కడా తేనెరంగు గింజలు కనిపించాయి. అదే మోనజైట్, థోరియం అనే రేడియోధార్మిక మూలకం దాగిన ఖనిజం. ఇసుకను నల్లగా చేసేది ఒకటి, మీటరును మోగించేది మరొకటి. తూర్పు కనుమల రాళ్లు లక్షల ఏళ్లుగా అరిగి, నదుల వెంట దిగివచ్చాయి. చేటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరి గింజ నిలిచినట్టు, సముద్రం తేలిక ఇసుకను కడిగేసి బరువైన గింజలను ఒడ్డున వదిలింది.

పక్కనే నెత్తళ్లు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ చాలాసేపు మమ్మల్ని చూసి, "ఏం కొలుస్తున్నారు బాబూ?" అని అడిగింది. చెప్పాం. "అయితే ఈ ఇసుక మీద ఎండబెట్టిన చేపలు తినకూడదా?" అంది.

ఆ ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పగలిగాం. మోనజైట్ రాతిగింజ, నీటిలో కరగదు. చేపకు అంటిన ఇసుకను దులిపి కడిగితే థోరియం కూడా దానితోనే పోతుంది. గింజలోంచి వచ్చే గామా కిరణాలు తాకినంత మాత్రాన చేప రేడియోధార్మికం కాదు. ఎండలో నిలబడటం వేరు, నిప్పుకణిక మింగడం వేరు. రేడియోధార్మిక పదార్థం బయట ఉండి మనమీద కిరణాలు పడటం మొదటి రకం. అదే పదార్థం ధూళిగానో ద్రవంగానో వ్యాపించి గాలిలో, నీటిలో, పాలలో కలిసి ఒంట్లోకి చేరడం రెండో రకం. కాలుష్యమంటే ఈ రెండోది. అణు విద్యుత్తు మీద జరిగే వాదనల్లో ఈ రెండూ ఒకటే అయిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ తేడా తెలియకుండా భయపడేవారికీ, భయం వద్దనేవారికీ మాట కలవదు.

విశాఖకు ఈ చర్చ దూరపు సంగతి కాదు. 2009 జులై 26న జలప్రవేశం చేసిన అరిహంత్ జలాంతర్గామి ఈ తీరంలో తయారైందే, దాని పొట్టలో ఉన్నదీ రియాక్టరే. మనకు ఈశాన్యాన, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ దగ్గర, అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ1000 రకం రియాక్టర్లు ఆరు కట్టాలన్నది ప్రతిపాదన. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. ఇలాంటి చోట తరచూ వినిపించే ప్రశ్న "బాంబులా పేలుతుందా?" అన్నది. పేలదు. బాంబుకు, తేలిగ్గా చీలిపోయే యురేనియం-235 రకం సుమారు 90 శాతం ఉండేలా శుద్ధిచేసిన యురేనియం కావాలి. ఇలాంటి రియాక్టరు ఇంధనంలో ఆ రకం 5 శాతం దాటదు. అడగవలసిన ప్రశ్న మరొకటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి విశాఖవాసులు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి ఇళ్లమీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల ఆ కర్మాగారం అప్పటికి నడవడం లేదు. అయినా ట్యాంకులోని స్టైరీన్ తనంతట తాను గొలుసులు కట్టుకుంటూ వేడెక్కింది. వేడి పెరిగితే చర్య పెరుగుతుంది, చర్య పెరిగితే వేడి పెరుగుతుంది. నడవని కర్మాగారమే గాని, చల్లార్చవలసిన పని ఆగలేదు.

రియాక్టరు సంగతి కూడా ఒక విషయంలో ఇలాంటిదే: ఆపాక కూడా చల్లార్చవలసిన పని ఆగదు. తేడా ఏమిటంటే, అక్కడ మిగిలిన వేడి తనను తాను పెంచుకోదు, కాలంతో తగ్గుతూ పోతుంది. నియంత్రణ కడ్డీలు దిగగానే యురేనియం విచ్ఛిత్తి, అంటే పరమాణువులు చీలడం, ఆగిపోతుంది. కాని అప్పటికే పుట్టిన ముక్కలు, అంటే అయోడిన్, సీజియం, స్ట్రాన్షియం వంటివి, క్షీణిస్తూ వేడిని విడుదల చేస్తూనే ఉంటాయి. ఏపీ1000 లోపల పుట్టే ఉష్ణం దాదాపు 3,400 మెగావాట్లు. ఆపిన క్షణాన అందులో ఆరు శాతం పైగా మిగులుతుంది, అంటే 200 మెగావాట్లకు పైగా. 2 కిలోవాట్ల కరెంటు పొయ్యిలు లక్ష ఒకే గదిలో వెలిగించినంత వేడి అది. ఒక రోజు గడిచాక కూడా సుమారు అర శాతం ఉంటుంది. ఏ స్విచ్చూ దీన్ని ఆపలేదు. నీళ్లు పోస్తూ ఉండవలసిందే.

ఫుకుషిమాలో జరిగింది ఇంతే. 2011 మార్చి 11న భూకంపం రాగానే రియాక్టర్లు అనుకున్నట్టే ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. గంటలోపే సునామీ వచ్చి ఆ జనరేటర్లను ముంచింది. నీళ్లు అందక మూడు రియాక్టర్ల గర్భాలు కరిగాయి. లక్షన్నరకు పైగా జనం ఊళ్లు వదిలారు. ఆ వలసలోని ఒత్తిడికి, వైద్యం అందకపోవడానికి వృద్ధులే ఎక్కువగా బలయ్యారు. మన దేశంలోనూ 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణుకేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, మంటలు లేచి, కేబుళ్లు కాలి 17 గంటలు కేంద్రమంతా కరెంటు లేకుండా పోయింది. అగ్నిమాపక డీజిల్ పంపులతో నీళ్లు పోసి సిబ్బంది దాన్ని నిలబెట్టారు. ఆ రాత్రి పనిచేసినవాళ్లకు దేశం ఎంతో రుణపడి ఉంది. రేడియోధార్మికత బయటికి రాలేదు. 2004 డిసెంబరు 26 సునామీకి తమిళనాడులోని కల్పాక్కం అణుకేంద్రం పంపుహౌసులోకి నీళ్లు వచ్చినప్పుడూ రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు.

ఏపీ1000 నమూనా గీసినవాళ్లకు ఈ సమస్య బాగా తెలుసు. రక్షణ గోపురం పైన పెద్ద నీటి ట్యాంకు పెట్టారు. కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి వేయకపోయినా నీరు దానంతట అదే దిగి 72 గంటలపాటు చల్లార్చేలా ఏర్పాటు చేశారు. మంచి ఆలోచన అని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కాని 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను చూసినవాడిని. విశాఖలో చాలా కాలనీలకు వారం దాకా కరెంటు రాలేదు, ఫోన్లు మూగబోయాయి, కూలిన చెట్లు దారులు మూసేశాయి. ఆ 72 గంటలు గడిచాక, నాలుగో రోజు ఆ ట్యాంకును నింపే నీళ్లు, పంపులకు డీజిలు ఏ దారిన వస్తాయి? దీనికి ఇంజినీర్ల దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు రణస్థలంలో జరిగే గ్రామసభలో తెలుగులో వినిపించాలి.

ఇక తప్పించుకున్న పదార్థం ఏమవుతుందన్నది. ఇక్కడ అర్ధాయువు తెలియాలి, అంటే సగం క్షీణించడానికి పట్టే కాలం. థోరియానికి అది దాదాపు 1,400 కోట్ల సంవత్సరాలు. వినగానే గుండె జారుతుంది గాని, అంత నెమ్మదిగా క్షీణించేది ఏ క్షణాన చూసినా తక్కువ కిరణాలే విడుదల చేస్తుంది. ప్రమాదం తొందరగా క్షీణిస్తూ, ఒంట్లో చోటు వెతుక్కునేవాటితో. అయోడిన్-131కి అర్ధాయువు 8 రోజులు. 80 రోజుల్లో వెయ్యో వంతుకు తగ్గుతుంది. కాని ఆ మొదటి వారాల్లో అది గడ్డి మీద పడి, ఆవు కడుపులోకి వెళ్లి, పాలలోకి దిగి, పసివాళ్ల థైరాయిడ్ గ్రంథిలో పేరుకుంటుంది. 1986 ఏప్రిల్ 26 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత వేలమందికి చిన్నతనంలోనే సోకిన ఈ అయోడిన్ వల్ల థైరాయిడ్ క్యాన్సర్లు వచ్చాయి. ఆ పాలను వెంటనే ఆపివుంటే వాటిలో చాలావరకు తప్పేవి. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే: గ్లాసెడు పాలు వద్దని చెప్పే నోరు సమయానికి లేకపోయింది. సీజియం-137కి అర్ధాయువు 30 ఏళ్లు. వెయ్యో వంతు కావడానికి 300 ఏళ్లు పడుతుంది. ఒంట్లో అది పొటాషియం దారి పడుతుంది, స్ట్రాన్షియం-90 కాల్షియం వెంట ఎముకల్లోకి పోతుంది.

మనిషికి ప్రకృతి నుంచి ఏటా అందే రేడియేషన్ మోతాదు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్లు (సీవర్ట్ అంటే ఆ మోతాదుకు కొలమానం). దానికి అదనంగా అణుకేంద్రాల వంటివాటి వల్ల సామాన్య ప్రజలకు చేరదగ్గ పరిమితి ఏటా 1 మిల్లీసీవర్ట్. అయితే భీమిలి ఇసుక వంటి తీరంలో ఆ ప్రకృతి వాటాయే చోటును బట్టి మారుతుంది. రెండు అడుగులు జరిగితే మా మీటరు చప్పుడు మారింది. ఎక్కడ ఎంత ఉందో ముందే రాసిపెట్టుకోకపోతే, రేపు పెరిగినది ఎవరి వల్లో ఎవరూ తేల్చలేరు.

కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గర ఈ చిక్కు ఇప్పటికే ఉంది. యురేనియం శుద్ధి వ్యర్థాలు నిలవచేసే టెయిలింగ్ పాండ్ వల్లే బోరునీళ్లు పాడయ్యాయని రైతులంటారు. కాదని గని నడిపే సంస్థ అంటుంది. భూమిలోనే యురేనియం ఉన్న ప్రాంతం గనుక, గని రాకముందు ప్రతి బోరులో ఎంత ఉందో రైతు చేతిలో కాగితం ఉంటే తప్ప ఆ వాదన ఒక కొలిక్కి రాదు.

కొవ్వాడకు ఇంకా ఆ అవకాశం ఉంది. మన దేశంలో ప్రతి అణుకేంద్రం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం వారి పర్యావరణ ప్రయోగశాల ముందే పని మొదలుపెట్టడం ఆనవాయితీ. మంచిదే. కాని కొలిచేవారూ కట్టేవారూ ఒకే అణుశక్తి విభాగం నీడన ఉంటే ఊరివాళ్లు ఆ అంకెను ఎందుకు నమ్మాలి? మరో చేతికి కూడా అదే నమూనా అందాలి. గోరగనమూడిలో పుట్టి, సన్యసించి, ప్రాగ్‌లో పరిశోధన చేసి వచ్చిన స్వామి జ్ఞానానంద 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖకు పునాది వేశారు. కొలవడం తెలిసినవాళ్లు విశాఖలోనే ఉన్నారు.

పునాది తవ్వకముందే ఒక్కో ఊరి బోరునీళ్లు, ఇంటి గేదెపాలు, జీడితోట మట్టి, వలలో పడిన వంజరం, ఒడ్డున ఎండిన నెత్తళ్లు రెండేసి సీసాల్లో, సంచుల్లో తీసుకోవాలి. ఒకటి ప్రభుత్వ ప్రయోగశాలకు, ఒకటి విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. వచ్చిన అంకెలు గ్రామ సచివాలయం గోడమీద తేదీతో సహా అంటించాలి. ఏటా అదే నెలలో, అదే బోరు దగ్గర మళ్లీ తీయాలి.

ఆ రోజు భీమిలిలో బయల్దేరబోతుంటే ఆ పెద్దావిడ మీటరు వైపు చెయ్యి చూపించి, "నా నెత్తళ్ల మీద కూడా పెట్టి చూడండి బాబూ" అంది. గంపలోని ఎండుచేపల మీద పెట్టాం. రోడ్డు పక్కన విన్నంత తీరిగ్గానే టిక్కుమంది. ఆమె వంగి, చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు వింది.