ఎదురుగాలిలో మలుపు

ప్రియమైన పిల్లలూ,

పారిస్ ఒలింపిక్స్ తెరచాప నావల పందెం వీడియో చూసి చిన్నోడు అడిగాడు: “తాతా, గాలి ఎదురుగా కొడుతుంటే నావ ముందుకెట్ల పోతది? ఆ జంట పడవ మలుపు దగ్గర ఎందుకు ఆగిపోయింది?” మంచి ప్రశ్న బిడ్డా. 2024లో ఆ పందేలు మార్సెయ్ దగ్గర సముద్రంలో జరిగాయి. రెండు సన్నటి పడవలను పక్కపక్కన బిగించిన ఆ నావ పేరు కాటమరాన్.

గాలికి ఎదురుగా సూటిగా పోవడం ఏ తెరచాప నావకూ కుదరదు. కొంత దూరం కుడికి, కొంత దూరం ఎడమకు ఏటవాలుగా పోవాలి. నా చిన్నతనంలో మా ఊరి గిర్ని గడ్డ మీద ఉండేది. సైకిల్ క్యారేజీకి జొన్నల మూట కట్టుకుని సూటిగా ఎక్కబోతే ముందు చక్రం లేచేది. అందుకని బాట ఈ అంచు నుంచి ఆ అంచుకు వంకర్లు తిరుగుతూ తొక్కేవాళ్లం. మూట జారితే బాపుతో తిట్లు తప్పవు. పిండి పట్టించుకుని దిగేటప్పుడు మాత్రం మేమే రాజులం!

ఆ గడ్డ మీద మలుపే అసలు కష్టం. ఊపు లేకుండా హ్యాండిల్ తిప్పితే సైకిల్ అక్కడే ఆగేది. కాటమరాన్ ఇంకా మొండిది. తేలిక కాబట్టి దాని ఊపు ఇట్టే చస్తుంది; రెండు పొడవాటి పడవలు నీళ్లలో త్వరగా తిరగవు. అందుకే ముందు మంచి వేగం తెచ్చుకోవాలి. చుక్కాని గుంజొద్దు, నిదానంగా నొక్కుతూ పోవాలి. నావ ముక్కు గాలి వచ్చే దిక్కును దాటేదాకా ముందున్న చిన్న తెరచాపను పాత వైపే ఉంచితే గాలే ముక్కును అవతలికి నెడుతుంది. ముక్కు దాటగానే పెద్ద తెరచాప తాడు కాస్త వదలాలి. తొందరపడితే నావ గాలికి ఎదురుగా నిలిచిపోయి వెనక్కి జారుతుంది. అప్పుడు చుక్కాని కూడా తలకిందులుగా పనిచేస్తుంది. ఓపిక పట్టినవాడిదే మలుపు, పిల్లలూ.

పందెం మొదలుకూ ఆ ఊపే కావాలి. 5 నిమిషాల ముందు ఒక జెండా, 4 నిమిషాల ముందు రెండోది ఎక్కుతాయి. ఒక్క నిమిషం ఉందనగా రెండోది దిగుతుంది, మొదటిది దిగగానే పందెం. పందెం మొదలయ్యే గీతను ముందే దాటితే వెనక్కి రావాల్సిందే. మేము గడ్డ కింద కొంచెం దూరం నుంచే తొక్కుతూ వచ్చేవాళ్లం కదా, తెలివైనవాళ్లు కూడా గీతకు కాస్త వెనక ఉండి, గాలి పోయే వైపు ఖాళీ నీళ్లు ఉంచుకుని, జెండా దిగేసరికి పూర్తి వేగంతో గీత మీదికి వస్తారు.

జూలైలో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప నావల పందేలు జరుగుతాయి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఒక్క నావనే ఎంచుకుని చూడండి. ముక్కు గాలిని దాటేటప్పుడు తెరచాప ఏం చేసిందో నాకు రాయండి.

మీ తాత,
నల్గొండ