బటన్ ఎవరు గీయాలి? జావా చెప్పే పాత కథ

ఒకే ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ నడవాలి. ఎక్కడ నడిస్తే అక్కడి సొంత ప్రోగ్రామ్‌లా కనిపించాలి. ఈ రెండు కోరికలకూ ముప్పై ఏళ్లుగా పొత్తు కుదరడం లేదు. ఎందుకో జావా అనే ప్రోగ్రామింగ్ భాష చరిత్రలో బాగా తెలుస్తుంది.

1996లో తొలి జావాతో, తెరమీది బటన్లు, విండోల కోసం వచ్చిన కోడ్ ఏడబ్ల్యూటీ. బటన్ కావాలంటే అది సిస్టమ్‌నే, అంటే విండోస్ లాంటిదాన్నే, అడిగి తెచ్చుకునేది. రూపం అసలుదే. కానీ అన్ని సిస్టమ్‌లలోనూ ఉన్నవే ఇవ్వగలిగేది. టేబుల్ లేదు, కొమ్మలుగా విడిపోయే జాబితా (ట్రీ) లేదు. ఆఫీసు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు అది ఏ మూలకూ చాలలేదు.

1998 చివర్లో జావా 1.2తో పాటు వచ్చిన స్వింగ్ ఎదురు దారి పట్టింది. సిస్టమ్ నుంచి ఖాళీ విండో తీసుకుని లోపలిదంతా తానే గీసుకుంది. కావాలంటే విండోస్ వేషమూ వేసేది. 2001లో గుండ్రటి అంచులతో విండోస్ ఎక్స్‌పీ రాగానే ఆ వేషం బయటపడిపోయింది: పైన కొత్త నీలం టైటిల్ బార్, కింద పాతకాలపు బూడిదరంగు బటన్లు. ఎక్స్‌పీ రూపం స్వింగ్‌కు అందింది 2003లో, 1.4.2 వెర్షన్‌తో.

ఈలోగా ఐబీఎం, ప్రోగ్రామ్‌లు రాసుకునే ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్ కోసం ఎస్‌డబ్ల్యూటీ తయారుచేసింది. సిస్టమ్‌లో ఉన్నవి అక్కడి నుంచే తీసుకుని, లేనివి మాత్రమే సొంతంగా కట్టింది. ప్రతి సిస్టమ్‌కూ విడిగా కోడ్ రాయాల్సి వచ్చినా, నా లెక్కలో వాడేవాళ్లకు మేలు చేసిన దారి ఇదే.

ఎందుకంటే రూపం పోతే పెద్ద నష్టం లేదు, దాని వెనకున్న పని పోతేనే నష్టం. విండోస్‌లో స్వింగ్ ప్రోగ్రామ్‌లను చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవాలంటే జావా యాక్సెస్ బ్రిడ్జ్ అనే వంతెన కావాలి.

మన తెలుగు సంగతీ అంతే. ‘స్త్రీ’ కంప్యూటర్‌కు ఆరు కోడ్‌ల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి ఒత్తుల్ని సరైన చోట పెట్టేవాళ్లు లేకపోతే పొల్లులు పైకి కనిపిస్తూ ముక్కలు మిగులుతాయి. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు రాగానే, సిస్టమ్ టెక్స్ట్ బాక్స్‌ను యూనికోడ్‌తో వాడే ప్రోగ్రామ్‌లకు ఆ పని ఉచితంగా దొరికింది. సొంతంగా గీసుకునేవాళ్లు మాత్రం దాన్ని మొదటి నుంచీ కట్టుకోవాలి.

ఆ బరువును చాలావరకు తగ్గించింది, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి కోడ్ లైబ్రరీ. 2017లో జావా 9 దాన్నే తీసుకుంది. ఒకే కోడ్‌తో అన్ని సిస్టమ్‌లకూ ప్రోగ్రామ్‌లు తయారుచేసే ఈనాటి ఫ్లట్టర్ కూడా బటన్లన్నీ తానే గీసుకుంటుంది. అక్షరాల కూర్పుకు మాత్రం హార్ఫ్‌బజ్ మీదే ఆధారపడుతుంది.