కరెంటు పెట్టక ముందే పళ్ళ డాక్టర్‌ని కలవండి

మా పెదనాన్నకి బుగ్గ లోపల కేన్సర్ అని తేలి, ఆపరేషన్ కూడా అయ్యాక, "ఇంక కరెంటు పెట్టాలి" అన్నారు. మన దగ్గర రేడియేషన్‌ని చాలామంది ఇలాగే అంటారు. అందులో షాక్ కొట్టేదేమీ ఉండదు, అవి ఎక్స్‌రేల్లాంటి కిరణాలే, కాకపోతే శక్తి చాలా ఎక్కువ. ముఖం మీద అచ్చుపోసిన ప్లాస్టిక్ మాస్కుతో తల కదలకుండా బల్లకి బిగించి, కాసేపట్లో పని ముగించి పంపించేసేవాళ్ళు. రోజుకి 2 గ్రే (రేడియేషన్ మోతాదుని కొలిచే లెక్క) చొప్పున వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు, మొత్తం 60 గ్రే. మొదటి వారమంతా "ఏం లేదమ్మా, ఊరికే పడుకోబెట్టి లేపుతున్నారు" అనేవారు పెదనాన్న.

మూడో వారంలో పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలకోసారి మొత్తం కొత్తదవుతుంది. పైది అరిగి రాలిపోతుంటే అడుగున కొత్త కణాలు పుడుతుంటాయి. రేడియేషన్ ఆ అడుగు కణాలని దెబ్బతీస్తుంది, అంటే పాతపొర ఉన్నన్ని రోజులు ఏమీ తెలియదు, అది రాలాక దాని కింద పచ్చిపుండే మిగులుతుంది. అందుకే రెండు మూడు వారాలు పడుతుంది. మంచి సంగతి ఏమిటంటే చికిత్స ఆగాక కొన్ని వారాల్లో ఇది చాలామందికి మానిపోతుంది. ఈలోగా కారం, పులుపు, మరీ వేడివి మానేసి, లీటరు నీళ్ళలో ఒక టీచెంచా ఉప్పు, ఒక టీచెంచా వంటసోడా కలిపి రోజంతా పుక్కిలించడమే మాకు బాగా పనికొచ్చింది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు మాత్రం వద్దు, మంట పెరుగుతుంది. మధ్యలో నాలుక మీద తెల్లగా పేరుకుంటే అది ఫంగస్ కావచ్చు, చూపిస్తే మందుతో తగ్గుతుంది. రుచి కూడా పోతుంది. ఆవకాయ జాడీ మూత తీస్తే వాసన వస్తోంది గానీ నోట్లో మట్టిలా ఉందనేవారు ఆయన. చాలామందికి నెలల మీద రుచి తిరిగొస్తుంది.

తిరిగిరానిది, లేదా పూర్తిగా రానిది, ఉమ్మి. దాని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

మన నోట్లో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. అది ఊరుతోందని కూడా మనకి తెలియదు. దాన్ని తయారుచేసే గ్రంథుల్లో పెద్దవి చెవుల ముందు, దవడ కింద ఉంటాయి, అంటే సరిగ్గా కిరణాల దారిలో. ఈ గ్రంథుల కణాలు నెమ్మదిగా విభజన చెందేవి, లెక్కప్రకారం రేడియేషన్‌ని తట్టుకోవాలి. కానీ మొదటి వారంలోనే ఉమ్మి తగ్గడం మొదలవుతుంది, శాస్త్రవేత్తలకి కూడా చాలాకాలం అంతుపట్టని విషయం ఇది. మిగిలిన కాస్త ఉమ్మీ చిక్కగా, జిగురుగా తీగలు సాగుతుంది. రాత్రి నిద్రలో నాలుక అంగిలికి అతుక్కుపోయి పెదనాన్న ఉలిక్కిపడి లేచేవారు.

ఉమ్మి పోతే పళ్ళు పోతాయి. తిన్న తర్వాత పుట్టే ఆమ్లాన్ని కడిగి, దాని ఘాటు తగ్గించి, పంటికి కాల్షియం తిరిగి ఇచ్చేది అదే. నోట్లో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది, ఉమ్మి లేని నోరు అక్కడే ఎక్కువసేపు ఉండిపోతుంది. ఈ పుచ్చు మామూలు పుచ్చులా ఉండదు. చిగురుకి ఆనుకుని పంటి మెడ చుట్టూ గోధుమరంగు గీతలా మొదలై, నల్లబడి, ఒకరోజు పంటి పైభాగం పుటుక్కున విరిగిపోతుంది. మామూలుగా పుచ్చని కింది ముందుపళ్ళు కూడా పుచ్చుతాయి. చాలామందికి నొప్పి తెలియదు. మేమేమో బలం కోసమని రోజంతా గ్లూకోజ్ నీళ్ళు, పళ్ళరసాలు కొంచెం కొంచెంగా తాగించాం, నోరు ఎండకుండా పటికబెల్లం చప్పరించమన్నాం. ప్రేమతోనే చేశాం, పళ్ళకి మాత్రం అంతకంటే చెడు ఇంకోటి లేదు.

రెండేళ్ళకి ఒక దవడపన్ను కదిలింది. పన్నే కదా అని దగ్గరలోని క్లినిక్‌లో పీకించాం. రేడియేషన్ సంగతి అక్కడ అడగలేదు, మేం చెప్పలేదు. ఆ గుంత మానలేదు. నెలలు గడిచినా చిగురు మూసుకోక, లోపల పసుపుగా ఎముక కనిపిస్తూనే ఉంది. రేడియేషన్ తగిలిన దవడ ఎముకలో రక్తనాళాలు సన్నబడి మూసుకుపోతాయి, బతికిన కణాలు తగ్గిపోతాయి, ఆక్సిజన్ అందదు. 1983లో రాబర్ట్ మార్క్స్ అనే దంత శస్త్రవైద్యుడు ఈ మూడింటినీ కలిపి వివరించాడు. పై దవడ కంటే కింది దవడకి రక్తం అందే దారులు తక్కువ కాబట్టి ఎక్కువగా అక్కడే ఎముక ఇలా మానక చచ్చిపోతుంది. ఈ ప్రమాదం ఏళ్ళు గడిచినా పోదు.

అందుకే క్రమం ముఖ్యం. నిలవని పళ్ళేవో రేడియేషన్‌కి ముందే చూపించి తీయించుకోవాలి, గుంత మానడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. కేన్సర్ అన్న టెన్షన్‌లో పళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది, నిజమే, కానీ ఆ రెండు వారాలు మళ్ళీ దొరకవు. తర్వాత రోజూ ఫ్లోరైడ్, జీవితాంతం. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) ఉంటే, వీళ్ళకి 5000 పీపీఎం ఉన్నది రాసిస్తారు.

ఇంకో మాట, డాక్టర్‌ని అడగండి: చెవి ముందరి గ్రంథిని తప్పించే వీలుందా? ఐఎంఆర్‌టీ అనే పద్ధతిలో కిరణాలని అలా మలచవచ్చు. బ్రిటన్‌లో గొంతు కేన్సర్ రోగుల మీద చేసి 2011లో ప్రచురించిన పార్స్‌పోర్ట్ అధ్యయనంలో, ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయినవాళ్ళు పాత పద్ధతిలో 74 శాతం, దీనితో 38 శాతం. గడ్డ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఇది అందరికీ కుదరదు, అడగడానికి మాత్రం మొహమాటం వద్దు.

నోరు తెరుచుకోవడం కూడా చూసుకోండి, ముఖ్యంగా గుట్కా, వక్కపొడి అలవాటున్నవాళ్ళకి, వాళ్ళలో చాలామందికి కేన్సర్‌కి ముందే బుగ్గలు బిగుసుకుపోయి ఉంటాయి. రేడియేషన్‌తో నమిలే కండరాలు ఇంకా గట్టిపడతాయి. మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. మొదటివారం నుంచే రోజూ నోరు సాగదీసే వ్యాయామం చేయాలి, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టించేదాన్ని నేను. ఆయన పదకొండు పుల్లల నుంచి పదిహేనుకి వచ్చారు.

చచ్చిన ఎముక ముక్కలు తీసి, నెలలపాటు మందులు వాడాక ఆ గుంత మూసుకుంది. ఇప్పుడు పెదనాన్న చొక్కా జేబులో ఆధార్ కార్డు పక్కన ఒక చీటీ ఉంటుంది. "కింది దవడకి 60 గ్రే రేడియేషన్ ఇచ్చారు. కేన్సర్ డాక్టర్‌ని అడగకుండా పన్ను తీయవద్దు." నేనే రాసి, తడవకుండా లామినేషన్ చేయించాను.