బోల్ట్ యాక్షన్ రైఫిల్: షాపులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను టెక్సాస్‌లో రైఫిళ్లు రిపేర్ చేసే పనిలో ఉన్నాను. బోల్ట్ యాక్షన్ అంటే బోల్ట్ అనే కడ్డీని హ్యాండిల్ పట్టి చేత్తో వెనక్కి లాగి, ముందుకు తోసి తూటా ఎక్కించే రైఫిల్. నవంబర్ జింకల సీజన్ దగ్గరపడితే మనవాళ్లు కూడా వస్తారు, ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట దాదాపు ఆగిపోయింది కాబట్టి చాలామందికి ఇక్కడ కొన్నదే మొదటి రైఫిల్, ఎక్కడో విన్న మాటలు పట్టుకొచ్చి అడుగుతుంటారు.

అపోహ: కంట్రోల్డ్ ఫీడ్ అయితేనే రైఫిల్ తలకిందులుగా పట్టుకున్నా తూటా ఎక్కుతుంది, పుష్ ఫీడ్ అయితే రాలిపోతుంది.

వాస్తవం: రాలదు. తూటా ముందుకు జారేదాకా మ్యాగజైన్ అంచులే దాన్ని పట్టుకుంటాయి. అసలు తేడా కంగారులో తెలుస్తుంది. కంట్రోల్డ్ ఫీడ్ ఉన్న 1898 మౌజర్‌లో తూటా మ్యాగజైన్‌లోంచి లేవగానే దాని అంచు పెద్ద కొక్కెం (తూటాని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్) కిందకి వచ్చేస్తుంది, సగంలో బోల్ట్ వెనక్కి లాగినా అది బయటకొచ్చేస్తుంది. రెమింగ్టన్ 700 లాంటి పుష్ ఫీడ్‌లో బోల్ట్ పూర్తిగా మూస్తేనే ఎక్స్‌ట్రాక్టర్ పట్టుకుంటుంది, ఈలోపు లాగేస్తే మొదటి తూటా చాంబర్‌లోనే (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఉండిపోయి రెండోది వెళ్లి దాన్ని పొడుస్తుంది, ఇంక జామే. 1964లో వించెస్టర్ మోడల్ 70కి ఖర్చు తగ్గించడానికి ఆ కొక్కెం తీసేశారు, అందుకే ఇప్పటికీ దానికంటే పాతవాటి కోసం జనం వెతుకుతారు. అయితే ఒకటి, పాత మౌజర్ చాంబర్‌లో చేత్తో ఒక్క తూటా వేసి బోల్ట్ గట్టిగా మూయకండి, కొక్కెం అంచు విరగొచ్చు.

అపోహ: ఇరుక్కున్న ఖాళీ కేస్‌ని (పేలిన తూటా తొడుగుని) పెద్ద కొక్కెమే బలంగా లాగుతుంది.

వాస్తవం: దాన్ని కదిలించేది మీరు హ్యాండిల్ పైకెత్తేటప్పుడు ఏటవాలు అంచు మీద జారుతూ బోల్ట్ కొంచెం వెనక్కి జరగడం. హ్యాండిల్ సరైన చోట అతకకపోతే ఎంత పెద్ద కొక్కెం ఉన్నా లాభం లేదు, అలాంటివి నేను చాలానే సరిచేశాను.

అపోహ: తెరిచినప్పుడు బోల్ట్ లటలటలాడితే గురి కుదరదు.

వాస్తవం: గుండు వెళ్లేది బోల్ట్ మూసినప్పుడు, అప్పుడు బిగిసిందా లేదా అన్నదే లెక్క.

అపోహ: లగ్స్ (మూసినప్పుడు బోల్ట్‌ని బిగించి పట్టే మొనలు) బోల్ట్ వెనకుంటే పనికిరాదు.

వాస్తవం: ఇషాపూర్ .315 లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షనే, దానికి వెనకే ఉంటాయి, బోల్ట్ కొంచెం నొక్కుకుంటుంది నిజమే, కానీ దాని తూటాకి సరిపోతుంది.

అపోహ: లగ్స్ ఎన్ని ఎక్కువుంటే అంత గట్టి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మౌజర్‌కి ముందు రెండు, వెనక సేఫ్టీకి ఇంకోటి. వెదర్‌బీ మార్క్ ఫైవ్‌కి తొమ్మిది, దానివల్ల హ్యాండిల్ 90 డిగ్రీలు కాకుండా 54 ఎత్తితే చాలు, ఫైరింగ్ పిన్ స్ప్రింగ్‌ని మాత్రం అంతే తక్కువ తిప్పుడులో నొక్కాలి కాబట్టి చేతికి బరువు తగులుతుంది. కానీ ఎన్ని ఉన్నా అన్నీ ఆనాలి కదా! పోయినేడు ఒకాయన రైఫిల్ తెచ్చి గ్రూప్ చెదిరిపోతోంది, గుళ్లు ఒకచోట పడట్లేదు అన్నా అన్నాడు. ఫైరింగ్ పిన్ అసెంబ్లీ తీసేసి, రెండు లగ్స్ వెనక వైపు నల్ల మార్కర్ పూసి, బోల్ట్‌ని వెనక్కి ఒత్తిపట్టి పదిసార్లు మూసి తెరిచా. కుడి లగ్ మీద ఇంక్ పోయి ఇనుము తళతళలాడుతోంది, ఎడమ దాని మీద పూసింది పూసినట్టే ఉంది. అంటే దెబ్బంతా ఒక్కదాని మీదే పడుతోంది. సన్న పేస్ట్‌తో మెల్లగా రుద్ది రెండూ ఆనేలా చేశా, ఆ తర్వాత హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) గేజ్ పెట్టి చూశాకే ఇచ్చా. ఇది ఇంట్లో మాత్రం చేయకండి, రెండు రుద్దులు ఎక్కువైతే హెడ్‌స్పేస్ పెరిగిపోతుంది.